వైజాగ్ జియోస్పేషియల్ సదస్సు: ఫీజు కట్టి వెళ్ళొచ్చా? నా రివ్యూ

మొన్న బీచ్ రోడ్డులో జరిగిన జియోస్పేషియల్ సదస్సు గురించి చాలామంది అడుగుతున్నారు, వచ్చే ఏడాది మళ్ళీ పెడితే వెళ్ళాలా వద్దా అని. వెళ్ళండి. కానీ వర్క్‌షాప్ కోసం, కుర్రాళ్ళు తమ పరిశోధన చూపించే పోస్టర్ల కోసం, మన నేల మీద మన తీరం మీద జరిగిన పని చూపించిన సెషన్ల కోసం వెళ్ళండి, మెయిన్ హాల్లో స్టేజ్ మీద జరిగేదాని కోసమైతే అంత డబ్బు అక్కర్లేదు. నేను మధురవాడ వైపు ఒక చిన్న జీఐఎస్ కంపెనీలో, అంటే కంప్యూటర్లో మ్యాపులు తయారుచేసే చోట, చేస్తున్నా, డిజిటైజేషన్, వాటర్ పైప్‌లైన్ల మ్యాపులు, కరెంటు స్తంభాల డేటా, రోజూ ఇదే పని, కాబట్టి ఇది ఆ పని చేసేవాడు రాసిన రివ్యూ అనుకోండి, పేపర్లు పబ్లిష్ చేసే ప్రొఫెసర్లకి లెక్క వేరేగా ఉండొచ్చు.

ఈ ఫీల్డ్‌తో సంబంధం లేనివాళ్ళకి ఒక్క ముక్క చెప్తా. శాటిలైట్ బొమ్మలు, డ్రోన్లు, జీపీఎస్, భూముల సర్వే, మ్యాపులు, వీటితో పనిచేసేవాళ్ళంతా ఏడాదికోసారి ఒకచోట కలుస్తుంటారు. ఇండియన్ సొసైటీ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ 1969 నుంచి ఉంది డెహ్రాడూన్‌లో, మ్యాపులు గీసేవాళ్ళ సంఘం ఐఎన్‌సీఏ 1979లో మొదలైంది హైదరాబాద్ కేంద్రంగా, 2022 అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ప్రపంచ జియోస్పేషియల్ కాంగ్రెస్ కూడా హైదరాబాద్‌లోనే అయింది. అంటే మనవైపు వాళ్ళు ఏం నేర్చుకోవాలన్నా గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాల్సిందే. నిజానికి ఇలాంటివి పెట్టడానికి వైజాగ్ కంటే మంచి ఊరు ఎక్కడుందండీ. ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ, మెటియొరాలజీ, ఓషనోగ్రఫీ ఉన్నాయి, తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది, సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఉంది, సముద్రం అడుగు కొలిచే నేవీ సర్వే షిప్ ఐఎన్‌ఎస్ సంధాయక్ 2024 ఫిబ్రవరి 3న నేవీలో చేరింది ఇక్కడి డాక్‌యార్డ్‌లోనే. అందుకే ఈ సదస్సు మన ఊళ్ళో అనగానే చాలా ఆశ పెట్టుకున్నా.

ఫీజు సంగతి. నాలాంటి ఉద్యోగస్తులకి జీఎస్టీతో కలిపి 6 వేలు దాటింది, వర్క్‌షాప్‌కి మళ్ళీ వేరే. స్టూడెంట్లకి తగ్గించారు, మంచిదే, కానీ గ్రామ సచివాలయాల్లో పనిచేసే సర్వేయర్లకి ఏ తగ్గింపూ లేదు, వాళ్ళు కూడా మా రేటే కట్టాలి. ఇది నాకస్సలు నచ్చలేదు. రాష్ట్రంలో ఎండలో రోవర్ (శాటిలైట్ సిగ్నల్‌తో పొలం హద్దులు కొలిచే పరికరం) పట్టుకుని తిరిగేది వాళ్ళే కదా, వాళ్ళ జీతాలకి ఆ ఫీజు ఎంత పెద్దదో పెట్టేవాళ్ళకి తెలియదా. రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర కుర్రాళ్ళు మాత్రం చాలా ఓపికగా చేశారు, క్యూ పెద్దదైనా ఎవరినీ విసుక్కోలేదు, పేరు తప్పు పడినవాళ్ళకి అక్కడికక్కడే బ్యాడ్జ్ మార్చి ఇచ్చారు.

ఇనాగరేషన్ బాగా లేటయింది. దీపం, ప్రార్థన, శాలువాలు, మెమెంటోలు, స్టేజ్ మీద ఉన్న ప్రతి ఒక్కరి గురించి పరిచయం, ఆ తర్వాత ప్రతి ఒక్కరి ప్రసంగం, అందులోనూ సగం మంది చెప్పింది ఒకటే, 2021 ఫిబ్రవరి 15న మ్యాపింగ్ గైడ్‌లైన్స్ సడలించారు, 2022 డిసెంబర్‌లో నేషనల్ జియోస్పేషియల్ పాలసీ వచ్చింది, ఇక అవకాశాలే అవకాశాలు అని. అది నిజమే, ఆ సడలింపు వల్లే మాలాంటి చిన్న కంపెనీలు ముందస్తు పర్మిషన్ల కోసం తిరక్కుండా డేటా సేకరించగలుగుతున్నాయి, కానీ ఆ ముక్క ఒకరు చెప్తే చాలు. చివరికి ఏమైందంటే నాసా, ఇస్రో కలిసి చేసిన నైసార్ శాటిలైట్ మీద కీనోట్ ఇవ్వాల్సిన పెద్దాయనకి టైమ్ మిగల్లేదు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన శాటిలైట్ అది, దాంట్లో రెండు రకాల రాడార్లు, ఎల్ బ్యాండ్ నాసాది, ఎస్ బ్యాండ్ మనది, 12 రోజులకోసారి అదే చోటుని మళ్ళీ చూస్తుంది, నేల సెంటీమీటర్ల లెక్కన కుంగినా పట్టుకుంటుంది. కొండల పక్కన ఇళ్ళు కట్టుకున్న ఈ ఊరికి దానికంటే కావాల్సిన విషయం ఏముంది. ఆయన స్లైడ్లు గబగబా తిప్పేసి దిగిపోయారు. బాధేసింది.

ఇక వర్క్‌షాప్. ఇది మెయిన్ సదస్సుకి ముందు రోజు, సీట్లు తక్కువ. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ మీద. నేర్పించినాయన ఇక్కడే చదువుకున్నవాడు, ఎక్కడో విదేశీ ఊళ్ళ శాంపిల్ డేటా ఇవ్వకుండా హుద్‌హుద్ ముందు, తర్వాత తీసిన ల్యాండ్‌శాట్ 8 శాటిలైట్ బొమ్మలు ఇచ్చాడు. 2014 అక్టోబర్ 12 అనగానే హాల్లో అందరూ ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు, ఎవరి కథ వాళ్ళకుంది కదా ఆ రోజుది. ఒక కుర్రాడు అడిగాడు సార్ సెంటినల్ 2 శాటిలైట్ అయితే ఒక్కో పిక్సెల్ 10 మీటర్లే ఉంటుంది కదా, ఈ 30 మీటర్లది ఎందుకు అని, దానికాయన చక్కగా చెప్పాడు, బాబూ సెంటినల్ 2 పైకెళ్ళిందే 2015 జూన్‌లో, హుద్‌హుద్ నాటికి అది లేదు, ఉన్నదాంతోనే చూడాలి అని. బ్యాండ్ 4 (ఎరుపు), బ్యాండ్ 5 (కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్) తీసుకుని ఎన్‌డీవీఐ, అంటే మొక్కల పచ్చదనం లెక్క, చేసి తుఫాను ముందు లెక్కలోంచి తర్వాతది తీసేస్తే కంబాలకొండ, కైలాసగిరి, ఏయూ క్యాంపస్ మీద ఆకుపచ్చదనం ఎంత పోయిందో ఎర్రగా కనిపించింది. 30 మీటర్ల పిక్సెల్‌లో ఎవరి ఇల్లూ కనపడదు, అయినా అందరూ ముందు వాళ్ళ పేట దగ్గరికే జూమ్ చేశారు. మేఘాల్ని ఎలా మాస్క్ చేసి లెక్కలోంచి తీసేయాలి, మేఘం నీడని చెట్లు పోయాయని పొరబడకుండా ఎలా చూడాలి, ఇవన్నీ చేయించాడు.

ఇంకో మంచి విషయం ఇదే వర్క్‌షాప్‌లో. ప్రొజెక్షన్లు (గుండ్రటి భూమిని చదునైన మ్యాపు మీదకి తెచ్చే పద్ధతులు) నేర్పేటప్పుడు మామూలుగా అందరూ యూటీఎమ్ (భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా, విడదీసే పద్ధతి) జోన్ 44 పెట్టుకోండి అని వదిలేస్తారు, ఈయన శ్రీకాకుళం జిల్లా తీసుకున్నాడు. 84 డిగ్రీల రేఖాంశం దగ్గర జోన్ మారుతుంది, శ్రీకాకుళం టౌను 44లో ఉంటే టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లో పడతాయి. జిల్లా మొత్తం ఒకే ప్రాజెక్టులో పనిచేసేవాళ్ళకి ఒక గ్రామం డేటా ఎక్కడో సముద్రంలో పడినట్టు కనిపించడం, దూరాలు తేడా రావడం ఎందుకో అక్కడ అర్థమైంది, మా ఆఫీసులో కొత్తగా చేరేవాళ్ళకి నేను ఇకనుంచి ఇదే ఉదాహరణ చెప్తా. వర్క్‌షాప్‌లో లోపం అంటే వైఫై. డేటా ముందే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి ఉంటే సరిపోయేది, అందరూ ఒకేసారి డౌన్‌లోడ్ మొదలుపెట్టేసరికి నెట్ పడిపోయింది, దాంతో పొద్దున్న చాలా టైమ్ పోయింది. చార్జింగ్ పాయింట్లు కూడా వెనక వరసలో లేవు.

మెయిన్ సదస్సులో నాకు బాగా నచ్చిన సెషన్ రీసర్వే మీద. 2020 డిసెంబర్ 21న రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వే గురించి పెద్ద ఆఫీసర్లు చాలా చోట్ల మాట్లాడతారు, ఇక్కడ మాత్రం అనకాపల్లి జిల్లాలో పనిచేస్తున్న ఒక గ్రామ సర్వేయర్ అమ్మాయి మాట్లాడింది. సీఓఆర్‌ఎస్ స్టేషన్ (ఒకేచోట ఉండి ఎప్పుడూ శాటిలైట్ సిగ్నల్ అందుకునే కేంద్రం) నుంచి కరెక్షన్ ఫోన్ నెట్ ద్వారా రోవర్‌కి రావాలి, వస్తేనే ఫిక్స్, అంటే కచ్చితమైన కొలత, లేకపోతే ఫ్లోట్‌లోనే, అంటే ఉజ్జాయింపులోనే, ఉండిపోతుంది, జీడితోటలోకి వెళ్తే ఆకాశం కనపడదు, పాడేరు వైపు కొండల్లోకి వెళ్తే సిగ్నలే ఉండదు, అప్పుడేం చేయాలి? ఆ అమ్మాయి బ్యాచ్ వాళ్ళు గట్టు మీద ఖాళీ జాగాలో రెండు పాయింట్లు ఫిక్స్‌లో తీసుకుని అక్కడ్నించి టోటల్ స్టేషన్‌తో (కోణాలు, దూరాలు కొలిచే పరికరం) తోట లోపలి మూలలు కొలుస్తున్నారట, ఫోటోలతో సహా చూపించింది. ఇంకా ఆమె చెప్పిన దాంట్లో నాకు బాగా గుర్తుండిపోయింది రైతులతో మాట్లాడే పద్ధతి. మనం స్క్వేర్ మీటర్లలో చెప్తే రైతుకి ఏం అర్థమవుతుంది, ఆయనకి కావాల్సింది ఎన్ని ఎకరాలు ఎన్ని సెంట్లు అనేది, పాత అడంగల్లో ఉన్నదానికి ఇప్పుడు కొలిచినదానికి రెండు సెంట్లు తేడా వచ్చినా ఆయనకి అది ప్రాణంతో సమానం. అందుకే పక్క పొలం రైతుని కూడా పిలిచి ఇద్దరి ఎదురుగా రోవర్ పెట్టి పాయింట్ తీసి, 9(2) నోటీసు (హద్దులు తేల్చాక రైతుకి ఇచ్చే సర్వే నోటీసు) ఇచ్చేముందు ఇద్దరికీ స్క్రీన్ మీద చూపిస్తారట. ఎఫ్‌ఎంబీ (పాత సర్వేలో గీసిన పొలం పటం) గీతకి, గట్టుకి తేడా ఉంటే అక్కడే మాట్లాడేసుకుంటారు.

ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టి కొంచెం ఇబ్బంది పడింది, సెషన్ చెయిర్‌గా ఉన్న మేడమ్ గారు వెంటనే "తెలుగులోనే చెప్పమ్మా, అందరం తెలుగువాళ్ళమే" అన్నారు, ఆ తర్వాత హాలు మారిపోయింది. ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి, వెనక నుంచున్న హోటల్ స్టాఫ్‌లో ఒకాయన కూడా మా ఊళ్ళో మా నాన్న పొలం ఇలా వచ్చింది మేడమ్, ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలి అని అడిగితే ఆ అమ్మాయి అంతే మర్యాదగా చెప్పింది, నోటీసు వచ్చిన తేదీ చూసుకోండి అన్నా, అప్పీలుకి గడువు ఉంటుంది అని. ఇంత పనికొచ్చే సెషన్‌ని చిన్న హాల్లో భోజనాల ముందు ఇరుకు టైమ్‌లో పెట్టారు. వచ్చేసారి దీన్ని మెయిన్ హాల్లో పొద్దున్నే పెట్టండి, దయచేసి.

మత్స్యకారుల సెషన్ కూడా చెప్పుకోవాలి. హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ శాటిలైట్ డేటాతో సముద్రం పైనీటి వేడి, క్లోరోఫిల్ (నీటిలోని సూక్ష్మ మొక్కల పచ్చదనం) చూసి చేపలు ఎక్కడ దొరకొచ్చో రోజూ సూచనలు ఇస్తుంది, తెలుగులో కూడా ఇస్తుంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి అప్పుడు ఆపేస్తారు. ఇది పేపర్లలో చదివినవాళ్ళకి తెలిసిందే, కొత్త ఏంటంటే ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక పెద్దాయన్ని ప్యానెల్‌లో కూర్చోబెట్టారు. "మీరు సెప్పింది తప్పని నేనన్ను బావు, ఒడ్డున ఉన్నంతసేపూ ఫోన్లో వస్తాది, లోపలికెల్లిపోయాక సిగ్నల్ ఉండదు, మరప్పుడు మారిపోతే మాకెలా తెలుస్తాది? డీజిలు మాది గదా" అన్నాడు. దానికి స్పీకర్ దాటేయకుండా సూటిగా జవాబిచ్చారు, 2019లో వచ్చిన జెమిని అనే పరికరం గగన్ శాటిలైట్ నుంచి మెసేజ్ అందుకుని బ్లూటూత్‌తో ఫోన్‌కి పంపిస్తుంది, అందులో చేపల సూచన, తుఫాను హెచ్చరిక రెండూ వస్తాయి, కానీ అది ఒకవైపు మాత్రమే, పడవ నుంచి తిరిగి మెసేజ్ పంపలేం అని ఉన్నది ఉన్నట్టు చెప్పారు. పెద్దాయన తల ఊపి, అలలు ఇలా ఉంటాయి గాలి ఇలా ఉంటుంది అని హెచ్చరిక వచ్చినప్పుడు ఆ మాటలు మా వాళ్ళకి అర్థమయ్యేలా ఉండాలి అని ఇంకో పది నిమిషాలు మాట్లాడాడు, ఎవ్వరూ ఆపలేదు. ఈ సెషన్ పెట్టినవాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెడతా.

తీరం కోత మీద పేపర్ చదివిన రీసెర్చ్ స్కాలర్ కూడా చాలా బాగా చెప్పాడు. తూర్పు తీరంలో ఏడాది మొత్తమ్మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది, హార్బర్ బ్రేక్‌వాటర్లు (అలల్ని ఆపే రాతి కట్టలు) అడ్డం పడితే ఆ ఇసుక అవతలే ఆగిపోతుంది, ఇవతల ఆర్కే బీచ్‌కి రావాల్సింది రాదు, అందుకే డ్రెడ్జింగ్ చేసిన ఇసుక పైపుల్లో తెచ్చి ఇటు పోస్తుంటారు. పాత టోపో షీట్లు (సర్వే పటాలు), ల్యాండ్‌శాట్, సెంటినల్ అన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి తీరరేఖ ఎక్కడ వెనక్కి పోయిందో ఎక్కడ ముందుకొచ్చిందో చూపించాడు, సముద్రం ఆటుపోట్లు లెక్కలోకి తీసుకోకుండా రెండు బొమ్మలు పోల్చేస్తే వచ్చే తప్పుడు కోత గురించి కూడా చెప్పాడు, ఇది చాలామంది పట్టించుకోరు. ఫీల్డ్ విజిట్ ప్రోగ్రామ్‌లో లేదు. హోటల్ గేటు దాటితే బీచే, సదస్సులో తీరం మీద సెషన్లున్నాయి, అయినా ఫీల్డ్ విజిట్ లేదు! సాయంత్రం ఆ స్కాలర్‌నే అడిగితే మమ్మల్ని కొంతమందిని తీసుకుని రోడ్డు దాటి నడిపించి, బీచ్ గోడ పునాది ఎక్కడ బయటపడింది, ఇసుక రంగు ఎక్కడ మారింది, పోసిన ఇసుకకి అసలు ఇసుకకి రేణువుల్లో తేడా ఏంటి అన్నీ చేత్తో పట్టించి చూపించాడు. మొత్తం సదస్సులో నేను ఎక్కువ నేర్చుకున్నది ఆ సాయంత్రమే అనాలి, దానికి సర్టిఫికెట్ కూడా లేదు.

పోస్టర్లని కారిడార్‌లో, వాష్‌రూమ్‌లకి వెళ్ళే దారిలో పెట్టారు. లైటింగ్ సరిగా లేదు, పక్కనే టీ కౌంటర్ గోల. పాపం పిల్లలు నిలబడి వచ్చేపోయేవాళ్ళని పిలిచి మరీ చెప్పుకున్నారు. అందులో ఒక పోస్టర్ నన్ను చాలాసేపు ఆపేసింది. దేశం మొత్తం ఎత్తులకి సున్నా గీత, అంటే సగటు సముద్ర మట్టం, నిర్ణయించడానికి బ్రిటిష్ వాళ్ళ కాలంలో తొమ్మిది రేవుల్లో టైడ్ గేజులతో ఏళ్ళ తరబడి కొలిచారు, 1909 నాటి ఆ లెవెలింగ్‌లో కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చి, నాగపట్నం, మద్రాసు, ఫాల్స్ పాయింట్‌తో పాటు మన విశాఖపట్నం కూడా ఉంది. హిమాలయాల దాకా ఎత్తులు కొలిచిన లెక్కలో మన రేవు నీళ్ళు కూడా ఉన్నాయన్నమాట. పక్కనే ఆ పిల్లలు ఆర్కే బీచ్‌లో రోవర్ పెట్టి తీసిన రీడింగ్ అంటించారు, ఎలిప్సాయిడ్ ఎత్తు (భూమికి లెక్కల్లో వాడే నున్నటి ఆకారం నుంచి కొలిచిన ఎత్తు) పదుల మీటర్లు మైనస్‌లో వచ్చింది, ఒడ్డున నిలబడి ఉంటే మైనస్ ఏంటని ఎవరైనా కంగారుపడతారు, దానికి, జియాయిడ్‌కి (సగటు సముద్ర మట్టాన్ని చూపే తలం) ఉన్న తేడా కలిపితే ఎలా సరిపోతుందో బొమ్మ గీసి చూపించారు. డ్రోన్ సర్వే చేసి ఎత్తులు అలాగే డెలివరీ ఇచ్చేసేవాళ్ళు ఈ పోస్టర్ చూడాలి. ఇంకో పోస్టర్ గోడే వెంకట జగ్గారావు గారి మీద, 1840 ప్రాంతంలో డాబాగార్డెన్స్‌లో సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టినాయన, తర్వాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. నేను ఈ ఊళ్ళోనే పెరిగా, రోజూ ఆ రోడ్డు మీదే తిరిగా, స్కూల్లో ఎవరూ చెప్పలేదు. ఇది కారిడార్‌లో కాదు, స్టేజ్ మీద చెప్పాల్సిన కథ.

స్టాళ్ళు మాత్రం నిరాశే. డ్రోన్లు, రోవర్లు, లేజర్‌తో కొలిచే లైడార్ అన్నీ టేబుల్ మీద అందంగా పెట్టారు కానీ ధర అడిగితే కార్డు ఇవ్వండి మెయిల్ చేస్తాం అంటారు తప్ప నోరు విప్పి చెప్పరు. నేవీ, ఎయిర్‌పోర్టు, పోర్టు ఉన్న ఊరు కాబట్టి బీచ్ రోడ్డులో డ్రోన్ ఎగరేయడం కుదరదు, అది అందరికీ తెలుసు, అలాంటప్పుడు ముందే చూసుకుని ఊరి బయట గ్రీన్ జోన్‌లో, అంటే డ్రోన్ ఎగరేయనిచ్చే చోట, ఒక పూట డెమో పెట్టి బస్సు వేస్తే ఎంత బాగుండేది. ఒక్క స్టాల్‌లో మాత్రం ఒక టెక్నీషియన్ రోవర్ విప్పి చూపించి, మన తీరంలో ఉప్పు గాలికి కనెక్టర్లు ఎలా పాడవుతాయి, రోజూ పని అయ్యాక ఏం తుడవాలి చెప్పాడు, ఆయన దగ్గర జనం వదల్లేదు.

భోజనం బాగుంది, గుత్తివంకాయ ఇంకా బాగుంది, క్యూ పెద్దది. పార్కింగ్ లేదు, మద్దిలపాలెం నుంచి ఆటోలో రావడమే మేలు. సర్టిఫికెట్లు చివరి రోజు ఇచ్చేశారు, స్లైడ్లు మెయిల్ చేస్తామన్నారు, ఇంకా రాలేదు.

నిర్వాహకులు ఎవరైనా ఇది చదువుతుంటే కొన్ని విన్నపాలు. గ్రామ సర్వేయర్లకి స్టూడెంట్ ఫీజే పెట్టండి, వాళ్ళ పై ఆఫీసర్లతో మాట్లాడి డ్యూటీ మీద పంపించేలా చూడండి, కనీసం ఒక పూట పూర్తిగా తెలుగులో నడపండి. శాలువాల టైమ్ కీనోట్‌కి ఇవ్వండి.

వెళ్ళేవాళ్ళకి: రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే వర్క్‌షాప్ సీటు కట్టేయండి, అది ముందు నిండిపోతుంది. ల్యాప్‌టాప్‌లో క్యూజీఐఎస్ ఇంట్లోనే ఇన్‌స్టాల్ చేసుకుని వెళ్ళండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి పట్టుకెళ్ళండి, మొదటి రోజు పొద్దున్న తొందరపడి వెళ్ళక్కర్లేదు, టీ టైమ్‌కి చేరి నేరుగా పోస్టర్ల దగ్గరికి వెళ్ళండి, జనం తక్కువ ఉంటారు, పిల్లలు నిదానంగా చెప్తారు.